పసుపు గుడ్డ మీద అయిదు చుక్కలు

మా మనవడి పెళ్ళాం మంచి పిల్ల. ఇల్లు శుభ్రంగా ఉంచుతుంది. కాకపోతే దాని చేతిలో జావెల్ అని, మరకలూ రంగులూ పోగొట్టే ఘాటు మందు సీసా ఒకటి ఎప్పుడూ ఉంటుంది. నేల తుడవాలన్నా, దుప్పట్లు తెల్లబరచాలన్నా, ఆఖరికి పిల్లి పడుకున్న మెట్టు కడగాలన్నా ఆ జావెల్ నీళ్ళు పడాల్సిందే. మూత తీయగానే ఇంట్లో అందరూ ముక్కులు మూసుకుని బయటికి నడుస్తారు. నేను మాత్రం కుర్చీ కాస్త దగ్గరికి జరుపుకుంటాను. ముసల్దానికి మతి చలించిందని వాళ్ళ అనుమానం. అనుకోనీ. ఈ వయసులో ఆ మాత్రం సౌకర్యం కూడా లేకపోతే ఎలా?

మొన్న ఆ పిల్ల నా పెట్టె సర్దుతూ అడుగున మడతపెట్టి ఉన్న పాత గుడ్డ బయటికి తీసింది. ఒకప్పుడు పసుపు రంగు గుడ్డ అది. ఇప్పుడు ఎండుగడ్డి రంగుకు దిగింది. మధ్యలో అరచేతి వెడల్పున తెల్లటి మచ్చ, ఆ మచ్చ దగ్గర నూలు పలచబడి వెలుతురు కనిపిస్తుంది. "సగం తెల్లబడే ఉంది కదా అవ్వా, మిగతాది కూడా తెల్లగా చేసేస్తాను" అని ఈ దీవి మాట క్రియోల్‌లో అంటూ సీసా ఎత్తింది. నేను లేచిన వేగం చూసి అది భయపడింది, నేనూ భయపడ్డాను. గుడ్డ లాక్కుని ఒళ్ళో పెట్టుకున్నాను. దీనికి జావెల్ నేనెప్పుడో పట్టించేశానని, అప్పటికి జావెల్ సీసా మొహమైనా చూసి ఎరగనని చెప్పాను. సీసా లేకుండా జావెల్ ఎక్కడిదని అడిగింది. ఉప్పులోంచి తీశానన్నాను. ఆ పిల్ల నా నుదుటి మీద చెయ్యి వేసి చూసింది.

జ్వరం లేదు. జరిగిందే చెప్పాను. పూర్తిగా చెప్పాలంటే ఇప్పుడుంటున్న ఈ ఫీనిక్స్ ఊరి నుంచి దీవి తూర్పున ఉన్న ఫ్లాక్ దాకా పోవాలి, నాకు పదేళ్ళున్న రోజుల దాకా పోవాలి.

మా ఇల్లు చెరకు తోటల మధ్య కూలీల వరసలో ఉండేది. గడ్డి కప్పు, మట్టి గోడలు, వెనక వంటపాక, దాని పక్కన ఒక ఆవు మాత్రమే పట్టే కొట్టం. పేడ వాసన, పొగ వాసన, మిల్లు వైపు నుంచి గాలి తిరిగితే మడ్డి బెల్లం వాసన. వానొస్తే ఇవన్నీ కలిసి ఒకటే వాసనయ్యేది. అది ఎక్కడైనా మళ్ళీ తగులుతుందేమోనని ఇన్నేళ్ళుగా చూస్తున్నాను. తగల్లేదు. అమ్మా నాన్నా తెల్లారకముందే చెరకులోకి పోయేవారు. ఇల్లు, నేను, ఆవు, ముగ్గురం నాయనమ్మ అధికారంలో ఉండేవాళ్ళం.

నాయనమ్మ చిన్నప్పుడు తెలుగు నేల నుంచి ఓడెక్కి ఈ దీవికి వచ్చిన మనిషి. మనిషి పొట్టి, గొంతు పొడుగు. ఆమె చింతపండు కుండ, ఉప్పు కుండ పక్కపక్కన ఉండేవి. చింతపండు కుండలో నా చెయ్యి పడితే చూడకుండానే కనిపెట్టేది. నేను నమిలే చప్పుడు బట్టి తెలిసిపోయేదట. వంకాయ పులుసు, మానియాక్ అనే కర్రపెండలం దుంపల వేపుడు, వారానికోసారి ఎండుచేప. అమ్మోరి పండుగ ముందు పదకొండు రోజులు మాత్రం ఎండుచేప ఉండేది కాదు, తాంబూలం ఉండేది కాదు, ఇంట్లో ఎవరూ గట్టిగా తిట్టుకోవడం కూడా ఉండేది కాదు. ఆ చివరి నియమం పాటించడం నాయనమ్మకే కష్టమయ్యేది.

ఇంట్లో నాకు ఇష్టమైన మనిషి చిన్నాన్న. మా నాన్న తమ్ముడు. చెరకు నరికే పని తప్పించుకుని మిల్లులో దీపాల యంత్రం దగ్గర చేరాడు. ఆ రోజుల్లో కరెంటు దీపాలు మిల్లుకీ మేనేజరు గారి ఇంటికీ తప్ప ఎవరికీ లేవు. యంత్రం ఆగిపోయినప్పుడు కూడా దీపాలు వెలగడానికి అక్కడ బ్యాటరీలు వరసగా పెట్టి ఉండేవట. వాటిలో కరెంటు నింపేటప్పుడు రెండు తీగలు తగిలించాలి. రెండూ నల్లగుడ్డ చుట్టిన తీగలే, చూడ్డానికి కవల పిల్లలే. ఒకదాని బదులు ఒకటి తగిలిస్తే బ్యాటరీ పాడవుతుంది, తగిలించినవాడి ఉద్యోగం కూడా. ఏది ఏదో తెలుసుకోవడానికి ఇంజనీరు దగ్గర చిన్న కాగితాల పుస్తకం ఉండేది. కాగితం తడిపి రెండు తీగల కొనలు ఆనిస్తే ఒక కొన కింద ఎర్రబడుతుంది. ఎర్రబడిన వైపు తీగ ఎటు పోవాలో చిన్నాన్న బట్టీ పట్టాడు.

ఆ ఏడు లకూప్ మొదలవకముందే, అంటే చెరకు నరకడం మొదలుకాకముందే, ఆ కాగితాలు అయిపోయాయి. కొత్తవి ఓడ మీద రావాలి. ఓడ ఎప్పుడొస్తుందో ఓడకే తెలియదు. చిన్నాన్న ఇంటికొచ్చి వంటపాకలో కూర్చుని దిగులుగా అన్నం కలుపుకుంటున్నాడు. ఎదురుగా నాయనమ్మ, నాకు దిష్టి తగిలిందని పళ్ళెంలో పసుపునీళ్ళు పోసి సున్నం వేలితో కలుపుతోంది. నీళ్ళు ఒక్కసారి రక్తంలా ఎర్రబడ్డాయి. చిన్నాన్న అన్నం ముద్ద నోటి దాకా తీసుకెళ్ళి ఆపేశాడు.

ఆ మర్నాడే మూడు గాజు జాడీలు గోనెపట్టాలో చుట్టి తెచ్చాడు. మేనేజరు గారి ఇంట్లో కరెంటు గంట మోగించడానికి వాడి, కొత్తవి రాగానే యంత్రం గది మూలన పారేసినవి. వాటిలో నవసాగరం నీళ్ళు పోసి, బొగ్గు కడ్డీలూ జింకు కడ్డీలూ దించి, మూడింటినీ తీగలతో కలిపి చిన్న బ్యాటరీ చేసి ఆవు కొట్టంలో దాచాడు. ఒక గుడ్డపేలికను పసుపులో తడిపి, ఉప్పునీళ్ళు చల్లి నన్ను పట్టుకోమన్నాడు. రాగి తీగ కొన ఒక పక్క, ఇంకో తీగకు కట్టిన బొగ్గు ముక్క ఇంకో పక్క ఆనించాడు. పది లెక్కపెట్టేసరికి రాగి తీగ కింద కుంకుమ చుక్క విచ్చుకుంది. బొగ్గు పక్క మాత్రం పసుపు వెలిసిపోయి తెల్లబడింది, ఏదో ఘాటు వాసన, అచ్చం ఇప్పటి జావెల్ వాసన, ముక్కులోకి ఎక్కింది. నేను తుమ్మాను. చిన్నాన్న నవ్వి, కరెంటు పోతే ఉప్పునీళ్ళు విడిపోతాయనీ, ఒక కొన దగ్గర సున్నంలాంటిది పుడుతుందనీ, ఇంకో కొన దగ్గర రంగును తినేసే గాలి పుడుతుందనీ ఇంజనీరు చెప్పాడన్నాడు. తర్వాత రెండు తీగలూ నా నాలుక మీద పెట్టించాడు. పుల్లగా, జివ్వుమంది. చింతపండు దొంగతనం చేయకుండానే చింతపండు తిన్నట్టయింది.

అప్పట్నుంచి మిల్లులో తీగలు చూడ్డానికి చిన్నాన్న జేబులో పసుపు పేలికలు ఉండేవి. జాడీల సంగతి మాత్రం ఎవరికీ చెప్పొద్దని నాతో ఒట్టు వేయించుకున్నాడు. యంత్రం గదిలోంచి మేకు కూడా బయటికి పోకూడదని ఇంజనీరు ఆజ్ఞ. పారేసిన జాడీలైనా అడక్కుండా తెచ్చినవే. తెలిస్తే మళ్ళీ చెరకులోకి పోవాలి.

ఇక మా పిన్ని సంగతి. చిన్నాన్నకు పెళ్ళయి అయిదు నెలలే అయింది. పిన్నిది మహేబోర్గ్ దగ్గర సముద్రపు ఒడ్డు. వాళ్ళ నాన్న పగడపు రాయి కాల్చే సున్నపు బట్టీలో పని. పెళ్ళికి ముందు పిన్ని కూడా తట్టలు మోసింది. అందుకే ఆమె అరచేతులు గరుగ్గా ఉండేవి, వేళ్ళ చివర్లు ఎప్పుడూ పొడిబారి ఉండేవి. నాయనమ్మకు ఈ సంబంధం మొదట్నుంచీ ఇష్టం లేదు. తన తమ్ముడి మనవరాలిని కోడలిగా తెచ్చుకోవాలని ఆమె కోరిక. కోరిక తీరకపోయేసరికి పిన్ని ఏం చేసినా వంకే. తెలుగులో క్రియోల్ ఎక్కువ కలుపుతుంది. కూరలో మిరపకాయ ఎక్కువ. ఆకువక్క నములుతుంది, అదీ మగాళ్ళలా సున్నం దట్టించి. పిన్ని మాత్రం అన్నిటికీ తల వంచుకునేది. నాకు రోజూ రహస్యంగా అన్నంలో మాడుచెక్క దాచి పెట్టేది. మాడుచెక్క మీద కాస్త బెల్లం. ప్రపంచంలో అంతకన్నా మంచి తిండి ఉందని నేను ఇప్పటికీ ఒప్పుకోను.

అమ్మోరి పండుగ రోజున ప్రతి ఇంటినుంచీ ఘటం వెళ్ళేది. వేపాకు చుట్టిన కుండలో పాలూ అన్నం పెట్టి, ఇంటి కోడలు నెత్తిన పెట్టుకుని చెరకు తోటల అంచున ఉన్న అమ్మోరి గుడికి నడిచేది. కొత్త కోడలు వచ్చిన ఏడు ఆ కోడలే ఎత్తాలి. అది వరసలో అందరికీ తెలిసిన మర్యాద. ఎత్తిందంటే ఇంటి మనిషైనట్టు. ఎత్తలేదంటే ఎందుకు ఎత్తలేదో ఊరంతా ఏడాది పొడుగునా మాట్లాడుకుంటుంది. పిన్ని అయిదు నెలలుగా ఆ రోజు కోసమే ఎదురుచూస్తోంది. కూతురు ఘటం ఎత్తడం చూడ్డానికి వాళ్ళ నాన్న రెండు రైళ్ళు మారి వస్తానని కబురు చేశాడు కూడా.

పండుగ ఆదివారం. గురువారం పొద్దున నాయనమ్మ అమ్మోరికి కట్టే గుడ్డకు రంగు వేసింది. పసుపు కొమ్ములు స్వయంగా నూరి, కాచి, రంగు నిలవడానికి గుప్పెడు ఉప్పు వేసి, తెల్లగుడ్డ ముంచి తీసింది. ఎండకు పసుపు వెలిసిపోతుందని కొట్టం నీడలో గంప బోర్లించి దాని మీద పరిచింది. ఎవరూ ముట్టుకోవద్దని గాలిలోకి ఒక హెచ్చరిక వదిలి వేపాకు కోసుకురావడానికి పోయింది.

గుడ్డ తడిగా ఉంది. ఉప్పు ఉంది. పసుపు ఉంది. రెండడుగుల దూరంలో గోనెపట్టా కింద జాడీలున్నాయి. నా తప్పేమీ లేదని చెప్పను గానీ, ఆ అమరిక చూస్తే ఎవరికైనా చెయ్యి దురద పుడుతుంది. పైగా నాకు ఒక మంచి ఉద్దేశం కూడా ఉంది. పసుపు రాసిన గడపకు కుంకుమ బొట్లు పెడతాం కదా. అమ్మోరి గుడ్డకు బొట్లు లేకపోతే బోసిగా ఉందనిపించింది. బొగ్గు ముక్కను గుడ్డ కిందికి తోశాను. రాగి తీగ పట్టుకుని పైన వరసగా చుక్కలు పెట్టడం మొదలుపెట్టాను. ఒక్కో చుక్కకు నూరు లెక్కపెట్టాను, బాగా ఎర్రగా రావాలని. ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు. ఎంత ముద్దొచ్చాయో. ఆరోది పెట్టబోతుంటే ముక్కులోకి ఆ ఘాటు వాసన ఎక్కింది. గుడ్డ ఎత్తి చూస్తే బొగ్గు ఉన్న చోట అరచేయంత తెల్లటి మచ్చ. తీగలు ఊడదీసి, జాడీలు కప్పేసి, వరస చివరింటికి ఆడుకోవడానికి పారిపోయాను.

తిరిగొచ్చేసరికి నాయనమ్మ గంప ముందు నిలబడి ఉంది. ఆమె అరవలేదు. అందుకే నాకు భయం వేసింది. చింతపండు పిసికిన రసం వేలితో ఒక చుక్క మీద రాసింది. ఎర్ర చుక్క మళ్ళీ పసుపుపచ్చగా మారిపోయింది. సున్నం తగిలిన పసుపు ఎర్రబడుతుందనీ, పులుపు తగిలితే మళ్ళీ పచ్చబడుతుందనీ ఆమెకు ఒకరు చెప్పాలా? జీవితమంతా దిష్టినీళ్ళు కలిపిన చెయ్యి. సున్నమే అని తేల్చింది. దిష్టి తీసి నాలుగు దారుల కూడలిలో పారబోసే రంగు అమ్మోరి గుడ్డ మీద పడింది. అయిదు చుక్కలు, వరసగా. అయిదు వేళ్ళు తుడిచినట్టే ఉన్నాయి. ఆమె కళ్ళు వంటపాక వైపు తిరిగాయి.

పిన్ని పెట్టె వెతికితే సున్నపు డబ్బీ దొరికింది. అడుగున ఎండిపోయిన పెచ్చులు తప్ప ఏమీ లేదు. కానీ దొరికింది కదా.

"నియమం తప్పి తాంబూలం ఏసుకుంటే ఏసుకున్నావు. అమ్మోరి గుడ్డకే సేతులు తుడుసుకోవాలేటి?" అంది నాయనమ్మ.

"నేను ముట్టుకోలేదత్తా" అంది పిన్ని. ఒక్కసారే అంది. తర్వాత ఎవరెంత అడిగినా ఆ మాట కూడా అనలేదు.

నాయనమ్మ కొత్త గుడ్డకు మళ్ళీ రంగు వేసింది. ఈ ఏడు కూడా ఘటం పెద్దకోడలే ఎత్తుతుందని చెప్పేసింది. పెద్దకోడలంటే మా అమ్మ. అమ్మ మొహం సిగ్గుతో చిన్నబోయింది గానీ అత్తకు ఎదురు చెప్పే ధైర్యం ఆమెకు ఏనాడూ లేదు. గిన్నె ముట్టుకోవాలంటే ముందు కొబ్బరి పీచుతోనూ బూడిదతోనూ చేతులు తోముకోవాలని పిన్నికి హుకుం. చిన్నాన్న మిల్లు పొయ్యిలు వెలిగించే పనిలో పడి అక్కడే ఉండిపోయాడు, ఇంటి సంగతి ఆయనకు తెలియదు. ఆయన ఉండి ఉంటే ఆ అయిదు చుక్కలు చూడగానే గుర్తుపట్టేవాడు.

చెబితే చిన్నాన్న ఉద్యోగం పోతుంది, ఒట్టు తప్పుతుంది. ఇదీ నాకు నేను చెప్పుకున్న కారణం. అసలు కారణం నాయనమ్మ చేతిలోని పొయ్యికర్ర. అప్పటి సంగతి ఇప్పుడు అబద్ధమాడి ఏం బాగుపడతాను? గురువారం చెప్పలేదు. శుక్రవారం చెప్పలేదు. మాడుచెక్క మాత్రం రెండు రోజులూ వచ్చింది, బెల్లంతో సహా. నోట్లో పెట్టుకుంటే మింగుడు పడలేదు. ఆవుకు పెట్టేశాను.

శనివారం పొద్దున పిన్ని నన్ను గడప మీద కూర్చోబెట్టి తల దువ్వింది. మామూలుగా చకచకా వేసే జడ ఆ వేళ ఎంతకీ పూర్తి కాలేదు. ఆమె వేళ్ళు నా జుట్టులో పోతున్నప్పుడల్లా వెంట్రుకలు దేనికో చిక్కుకుని చుర్రుమన్నాయి. వెనక్కి తిరిగి ఆమె చెయ్యి పట్టుకుని చూశాను. తోమి తోమి వేళ్ళ చివర్లు పగిలి ఎర్రగా ఉన్నాయి. ఆ పగుళ్ళలో నా వెంట్రుకలు చిక్కుకుంటున్నాయి. పిన్ని నా తల ముందుకు తిప్పి మళ్ళీ దువ్వసాగింది. జడ సగంలో ఉండగానే లేచి పరిగెత్తాను.

నాయనమ్మ చలిమిడికి బియ్యం దంచుతోంది. రోకలి పైకి లేచిన సమయం చూసుకుని చెప్పేశాను. చుక్కలు నేను పెట్టాననీ, సున్నంతో కాదనీ, ఉప్పుతోనూ తీగతోనూ అనీ. రోకలి కిందికి రాలేదు.

"పిన్ని బెల్లం పెడతందని దాని తప్పు నెత్తినేసుకుంటన్నావేటే గుంటా" అంది. నమ్మలేదు. కొట్టుంటే బాగుండుననిపించింది. ఏడుస్తూ చూపిస్తానన్నాను. సరే చూపించమంది.

నాయనమ్మ నమ్మకం తేలిగ్గా పడేది కాదు. నా చేతులు మోచేతుల దాకా కడిగించింది. పసుపు తనే నూరింది. ఉప్పు తన కుండలోంచి తనే తీసి నాలుక మీద వేసుకుని రుచి చూసింది. గుడ్డపేలిక తన పాత చీరలోంచి తనే చించింది. రాగి తీగ కొన బూడిదతో తోమి, కడిగి, వాసన చూసి నాకిచ్చింది. బొగ్గు ఒక పక్క, తీగ ఒక పక్క పెట్టాను. చుక్క విచ్చుకుంది. ఆమె మొహంలో ఏ మార్పూ లేదు. మళ్ళీ చెయ్యమంది. చేశాను. మూడోసారి తీగ నా చేతిలోంచి తీసుకుని తనే పెట్టింది. ఊపిరి బిగబట్టి, గడపకు బొట్టు పెట్టినంత శ్రద్ధగా. చుక్క వచ్చింది. చింతపండు రసం రాసింది, పచ్చబడింది. బొగ్గు కింద తెల్లబడిన చోటును ముక్కు దగ్గర పెట్టుకుని రెండు తుమ్ములు తుమ్మింది. అమ్మోరి గుడ్డ తెప్పించి తెల్లమచ్చ పక్కన పెట్టి చూసింది. సున్నం పసుపును ఎర్రగా చేస్తుంది గానీ తెల్లగా చేయదన్న సంగతి రెండు రోజులుగా ఆమెను కూడా తొలుస్తూనే ఉందని తర్వాత మా అమ్మతో అన్నదట.

తీగ కొనను తిప్పి తిప్పి చూసింది. ఆఖరికి తనలో తను అనుకుంటున్నట్టు అంది.

"ఉప్పులోనే ఉందన్నమాట సున్నం. ఇన్నేళ్ళు ఒండినాను, తెలీనేదు."

సరిగ్గా అప్పుడే చిన్నాన్న అన్నానికి వచ్చాడు. తల్లి చేతిలో తీగ, ముందు మూడు జాడీలు, పక్కన సగం జడతో నేను. ఆయన మొహం బొగ్గు కడ్డీ కింద గుడ్డలా తెల్లబడింది. నాయనమ్మ ఇవి ఎవరివని అడిగింది. పారేసినవేననీ, అడక్కుండా తెచ్చాననీ చెప్పాడు. అడగని సొత్తు అమ్మోరి పండుగ నాడు ఇంట్లో ఉండటానికి వీల్లేదనీ, తీసుకెళ్ళి అడిగి రమ్మనీ ఆమె తీర్పు. అన్నం కూడా పెట్టకుండా పంపింది. చిన్నాన్న గోనెపట్టా భుజాన వేసుకుని, ఉరికంబానికి పోతున్నట్టు నడిచాడు. గంటలో తిరిగొచ్చాడు. భుజాన గోనెపట్టా అలాగే ఉంది. ఇంజనీరు ముందు గట్టిగా అరిచాడట. తర్వాత కాగితాలు లేకుండా ఇన్నాళ్ళూ తీగలు ఎలా గుర్తుపట్టావని అడిగాడట. చిన్నాన్న జేబులోంచి పసుపు పేలిక తీసి చూపిస్తే, జాడీలు ఉంచుకో, నాకో కట్ట పేలికలు తెచ్చిపెట్టు అన్నాడట. ఆ కట్టకు పసుపు నూరే పని శిక్షగా నాకే పడింది. నా వేళ్ళు వారం రోజులు పచ్చగా ఉన్నాయి. మనస్సు మాత్రం హాయిగా ఉంది.

పిన్నితో నాయనమ్మ ఏమీ అనలేదు. తప్పయిందని ఒప్పుకునే మనుషులు కారు మా వాళ్ళు. సాయంత్రం పిన్ని వాళ్ళ నాన్న వచ్చాడు. ఎండకు ఎండిన పొడుగాటి మనిషి, కనుబొమల మీద కూడా తెల్ల దుమ్ము. అమ్మోరి గుడికి వెల్ల వేయడానికని తన బట్టీ సున్నం ఒక డబ్బా నిండా మోసుకొచ్చాడు. ఆ డబ్బా చూడగానే పిన్ని ఒక్క అంగలో ఎదురొచ్చింది. తండ్రి చేతిలోంచి గబుక్కున తీసుకుని తలుపు వెనక దాచింది. మేమంతా చూశాం. నాయనమ్మ కూడా చూసింది.

"ఆ సున్నం ఇలా తే" అంది.

పిన్ని కదల్లేదు. నాయనమ్మ లేచి తనే డబ్బా తెచ్చుకుంది. చిటికెడు తీసి పసుపులో కలిపింది. పారాణి చిక్కగా, ఎర్రగా కలిసింది. పిన్నిని పీట మీద కూర్చోబెట్టి, తను కింద కూర్చుంది. అత్త తన పాదం పట్టుకోబోయేసరికి పిన్ని కాళ్ళు వెనక్కి లాక్కుంది.

"కదపకు. గీత ఒంకర పోద్ది. రేపు ఘటం ఎత్తేదానికి పారాణి నేకపోతే నలుగురూ ఏటనుకుంటారు?" అంది నాయనమ్మ.

పిన్ని వాళ్ళ నాన్నకు ఇదంతా ఎందుకో తెలియదు. వియ్యపురాలు ఎంత మర్యాదస్తురాలో అని మురిసిపోయి కళ్ళు తుడుచుకున్నాడు. ఆయన కనుబొమల మీది సున్నం కళ్ళలో పడి ఇంకా నీళ్ళు కారాయి. మా అమ్మ నవ్వాపుకోలేక వంటపాకలోకి పోయింది.

ఆదివారం పొద్దున పిన్ని ఘటం ఎత్తింది. డప్పులు, వేపాకు వాసన, పానకం, మంచుకు తడిసిన చెరకాకు కాళ్ళకు గీసుకోవడం, అన్నీ గుర్తున్నాయి. అమ్మోరికి కొత్త గుడ్డ కట్టారు. పాత గుడ్డను నాయనమ్మ పారేయలేదు. చింతపండు రసంతో చుక్కలు పోగొట్టి, ఆరబెట్టి, చుట్టకుదురుగా చుట్టి పిన్ని నెత్తి మీద పెట్టింది. దాని మీద తన చేతులతోనే కుండ ఎత్తిపెట్టింది. తెల్లమచ్చ లోపలి మడతలో ఉండిపోయింది. పిన్ని నడుస్తుంటే నాయనమ్మ పక్కనే నడిచింది, కుండ వైపు చూస్తూ. గుడి దాకా ఒక్క చుక్క కూడా తొణకలేదు.

తర్వాత ఏళ్ళకు ఏళ్ళు దొర్లిపోయాయి. ఆ కూలీల వరస లేదు, ఆ మిల్లు మూసేశారు, మహేబోర్గ్ రైలూ లేదు ఫ్లాక్ రైలూ లేదు. నాయనమ్మ పోయేదాకా పారాణి సున్నం పిన్ని పుట్టింటి నుంచే రావాలని పట్టుబట్టేది. ఇంకో చోటి సున్నంతో పారాణి ఎర్రగా పండదనేది. ఆమె పోయాక ఇంటి పెత్తనం పిన్ని చేతికే వచ్చింది. పిన్ని ముసలితనంలో నేను చూడ్డానికి వెళ్ళినప్పుడు ఈ గుడ్డ తీసి నా చేతిలో పెట్టింది. అప్పుడు ధైర్యం చేసి, ఆ రెండు రోజులూ ఆమె పడిన బాధకు క్షమించమన్నాను.

పిన్ని పళ్ళు లేని నోటితో నవ్వింది. వంటపాక తడికె సందులోంచి తను అంతా చూసిందట. నేను తీగ పట్టుకుని పెదాలు కదుపుతూ లెక్కపెట్టడం, గుడ్డ ఎత్తి చూసి పారిపోవడం, అన్నీ. ఏం చేస్తున్నానో అర్థం కాలేదు గానీ, చేసింది నేనేనని తెలుసట. మరి ఎందుకు చెప్పలేదని అడిగాను.

"నేను చెబితే అది కొత్తగా వచ్చిన నా ఒక్కదాని మాట అవుతుంది, ఎవరు నమ్ముతారు? నువ్వు చెబితే ఆ ఇంటి మాట అవుతుంది. అందుకే ఆగాను."

శనివారం కూడా నేను చెప్పకపోయి ఉంటే ఏం చేసేదానివని అడిగాను.

"మర్నాడు కూడా నీ జడ నేనే వేసేదాన్ని" అంది పిన్ని.